చెల్లెలి పెళ్లిలోనూ సొంత డబ్బాయే

ప్రశ్న: మా పెద్దమ్మాయికి 25 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. మొదట పంచదార మానేసింది. తర్వాత పాలు, మైదా, నూనె, చివరికి అన్నం కూడా. ఇప్పుడు అండుకొర్రలు, ఉడికించిన కూరగాయలే తింటోంది. చెల్లెలి పెళ్లిలోనూ డబ్బా తెచ్చుకుని గదిలో ఒక్కతే కూర్చుని తింది. బాగా చిక్కిపోయింది. నాలుగు నెలలుగా నెలసరి లేదు. ఏమన్నా అంటే ‘మీరు తినేది విషం’ అంటుంది. మా ఆయనేమో ‘పిజ్జాలు తినే పిల్లలకంటే నయమేగా’ అంటారు. ఏం చేయాలి?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: ముందు నెలసరి సంగతి చూడండి. మూడు నెలలు దాటి ఆగిందంటే కారణం తేల్చాల్సిందే. థైరాయిడ్, పీసీఓడీ కూడా కారణం కావచ్చు. కానీ మీరు చెప్పినదాన్నిబట్టి ఒంటికి తిండి చాలడం లేదన్న అనుమానమే ఎక్కువ. ఇలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి. ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించండి. బి12 పరీక్ష కూడా అడగండి. పాలు, గుడ్లు, మాంసం ముట్టనివాళ్లలో అది తగ్గడం మామూలే. తగ్గితే నీరసం, చిరాకు కూడా వస్తాయి.

ఇక మీవారి మాట. అండుకొర్రలు తినేవాళ్లు ఎందరో ఉన్నారు. పెళ్లికెళ్తే పప్పన్నం తినేసి, మర్నాడు మళ్లీ తమ పద్ధతిలో పడతారు. మీ అమ్మాయికి అది చేతకావడం లేదు. శుద్ధమైన తిండే తినాలన్న ఈ అతి పట్టుదలకు అమెరికా డాక్టరు స్టీవెన్ బ్రాట్‌మన్ 1997లో ఆర్థోరెక్సియా అని పేరు పెట్టారు. మానసిక వైద్యులు వాడే జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో ఇది విడి జబ్బుగా లేదు. కాబట్టి చీటీలో ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే చేయించే జబ్బు) అనో, యాంగ్జైటీ (అతి ఆందోళన) అనో, అనోరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి తగ్గించే జబ్బు) అనో రాస్తే కంగారు పడకండి.

ఓసీడీతో పదేపదే చేతులు కడుక్కునేవాళ్లలో చాలామందికి అది అతి అని తెలుస్తూనే ఉంటుంది. మీ అమ్మాయి మాత్రం మంచి పనే చేస్తున్నాననుకుంటోంది. పైగా ‘అబ్బ, ఎంత కంట్రోలో!’ అని మెచ్చుకునే చుట్టాలకు కొదవుండదు. ఇంకో సంగతి, ఎప్పుడూ తిండి మీదే ఉండే ఆ ధ్యాసలో కొంత ఆకలి పెట్టేదే. 1944-45లో మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు నెలల తరబడి అరకొర తిండి పెట్టి చూశారు. వాళ్లకు రోజంతా తిండి గోలే. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. చిరాకు, దిగులు సరేసరి.

అందుకే పోషకాల మీద వాదనకు దిగకండి, మీరు నెగ్గలేరు. తనకు తెలియకుండా నెయ్యి కలపడం అసలే వద్దు. ఒక్కసారి పట్టుబడితే మీ వంటగదినే నమ్మదు. ‘నీ తిండి గురించి ఏమీ అనను. నెలసరి ఆగిందని నాకు టెన్షన్‌గా ఉంది, ఒక్కసారి చూపించుకుందాం’ అనండి, చాలు. మీవారు కూడా అదే మాట మీద ఉండాలి.

రిపోర్టులు వచ్చాక సైకియాట్రిస్టునో, క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. తొలిరోజే బిర్యానీ తినమని ఎవరూ అనరు. ఒక చెంచా పెరుగన్నం తిని, వచ్చే భయాన్ని ఓర్చుకోవడం నుంచి మొదలుపెడతారు. డైటీషియన్ దగ్గరికి వెళ్తే మాత్రం ‘ఇవి తినొద్దు’ అంటూ ఇంకో జాబితా ఇచ్చేవారు వద్దు. తను రానంటే మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈలోగా కళ్లు తిరిగి పడినా, గుండె దడ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.