వంద తగ్గింది, పద్దెనిమిది పెరిగింది

ప్రశ్న: అన్నయ్య గారూ, మొన్న ఆదివారం మేం నలుగురం విజయనగరం వెళ్లి సినిమా చూశాం. యాప్‌లో ‘50 శాతం తగ్గింపు’ అని కనిపిస్తే మా అబ్బాయి బుక్ చేశాడు. 618 రూపాయలైంది. తీరా హాలు దగ్గర బోర్డు చూస్తే టికెట్ 150. అంటే నలుగురికీ 600 కదా! తగ్గింపు ఎటు పోయింది? అసలు యాప్‌లో చవగ్గా టికెట్ దొరికే దారేమైనా ఉందా? బిల్లు ఫొటో పంపుతున్నాను.
– ఒక సోదరి, నెల్లిమర్ల

జవాబు: బిల్లు పంపి మంచి పని చేశారమ్మా. గంటస్తంభం దగ్గర ఒక హాల్లో ఇరవై ఏడేళ్లు బుకింగ్‌లో కూర్చున్నాను. ఆ కన్నంలోకి ఒకేసారి మూడు చేతులు దూరేవి, చెమటకు తడిసిన నోట్లతో. టికెట్లు, చిల్లర కలిపి పిడికిలి బిగించి లాగితే చేయి బయటకు రాక మణికట్టు గీసుకుపోయేది. ఆ రోజుల్లో ఎవరికీ బిల్లు లేదు, రేటు మాత్రం బోర్డు మీద ఉండేది. ఇప్పుడు బిల్లుంది, చదివేవాళ్లే లేరు.

మీ బిల్లు చూద్దాం. నాలుగు టికెట్లు 600. కన్వీనియన్స్ ఫీజు, అంటే బుకింగ్ చేసిపెట్టినందుకు యాప్‌వాళ్లు తీసుకునేది, టికెట్‌కు 25 చొప్పున 100. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, అంటే 18. మొత్తం 718. ఇక ఆఫర్: సగం తగ్గింపు అన్నది పెద్ద అక్షరాల్లో ఉంది, ‘గరిష్ఠంగా 100’ అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో. వంద పోగా 618. వాళ్లు ఫీజు కింద తీసుకున్న వందే మీకు తగ్గింపు పేరుతో తిరిగొచ్చింది. జీఎస్టీ పద్దెనిమిది మీ నెత్తిన పడింది.

మన రాష్ట్రంలో టికెట్ రేట్లకు ప్రభుత్వమే హద్దు పెడుతుంది. 2022 మార్చి జీవోలో కనిష్ఠం 20, గరిష్ఠం 250, జీఎస్టీ అదనం. కూపన్ డబ్బు మామూలుగా యాప్‌వాళ్లో బ్యాంకో భరిస్తారు, హాలువాళ్లకు దానితో పనిలేదు. అందుకే కౌంటర్లో ‘ఆఫర్ ఉందా’ అని అడిగితే మా కుర్రాళ్లు వింతగా చూస్తారు.

నిజంగా కలిసొచ్చేవి కార్డు ఆఫర్లు. కొన్ని క్రెడిట్ కార్డుల మీద ఒక టికెట్ కొంటే రెండోది ఉచితం. నెలకు ఇన్నిసార్లని లెక్క ఉంటుంది, ఉచిత టికెట్‌కు ఇంత వరకేనని హద్దు ఉంటుంది, ఫీజు మాత్రం రెండింటికీ పడొచ్చు. అయినా లాభమే. ఇంట్లో ఎవరి దగ్గర ఏ కార్డుందో ఒకసారి వాకబు చేయండి. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ అనే టికెట్ యాప్‌లు రెండింట్లోనూ అదే హాలు, అదే షో పెట్టి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, చివరి అంకె చూసుకోండి. కట్టకుండా వెనక్కి వచ్చేసినా ఏం కాదు, సీట్లు కాసేపటికి వాటంతటవే విడుదలవుతాయి. విరాళం పేరుతో రూపాయో రెండో కలిసి ఉంటే, ఇష్టం లేకపోతే తీసేయొచ్చు.

మామూలు రోజు మ్యాట్నీకైతే యాప్ జోలికే వెళ్లొద్దు. హాలుకు నేరుగా వచ్చి కౌంటర్లో కొనండి. కొన్ని హాళ్లలో ముందు వరసలు అక్కడే అమ్ముతారు. వంద లోపు టికెట్ మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, వంద దాటితే 18. కొత్త సినిమా మొదటి ఆదివారమంటారా, ఆటోలో అంత దూరం వచ్చి హౌస్‌ఫుల్ బోర్డు చూసి వెనక్కి పోయేకంటే ఆ పద్దెనిమిది రూపాయలు కట్టేయడమే నయం. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో పెంచిన రేట్లుంటాయి. గడువు అయిపోయాక వెళ్తే ఏ కూపనూ అంత తగ్గించలేదు.

ఇంకోటి. బుక్ చేసే ముందు ఊరి పేరు చూసుకోండి. నేను వైజాగ్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లొచ్చిన వారం, యాప్‌లో ఊరు మార్చడం మరిచిపోయాను. 120 తగ్గిందని మురిసిపోతూ ఇక్కడి హాలుకు వెళ్తే, గేటు దగ్గర కుర్రాడు ఫోన్ చూసి ‘తాతా, ఇది వైజాగ్‌ది’ అన్నాడు. షోకు పది నిమిషాలుంది, రద్దు కుదర్లేదు. ‘ఇరవై ఏడేళ్లు టికెట్లు అమ్మారు, కొనడం మాత్రం రాలేదు’ అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో సగం ధరకే టికెట్లు ఇస్తామంటున్నారు. క్యూఆర్ కోడ్ పంపారు. కొనొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: బాబూ, ఇప్పటికే డబ్బు పంపి ఉంటే మిగతాది తర్వాత చదువుకో. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చెయ్. పంపకపోతే ఆ గ్రూపులోంచి బయటకు వచ్చెయ్. ‘రిఫండ్ వస్తుంది, స్కాన్ చేసి పిన్ కొట్టు’ అంటారు. యూపీఐ పిన్ కొడితే డబ్బు పోవడమే, రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకవేళ టికెట్ స్క్రీన్‌షాట్ పంపినా, అదే బొమ్మను ఇంకో పదిమందికి అమ్మి ఉండొచ్చు. గేటు దగ్గర ముందు స్కాన్ అయినవాడిదే సీటు.