గైడ్ నా కాలు పట్టుకుని లాగాడు!

ప్రశ్న: ఈమధ్య అండమాన్‌లో హేవ్‌లాక్ దగ్గర జానీస్ గోర్జ్ అనే చోట మావారూ నేనూ స్కూబా డైవ్ చేశాం. బాగా లోతులో ఓ రాతి సందులోకి తొంగిచూస్తుంటే, రెక్క కొసన తెల్లగా ఉన్న సొరచేప సర్రున నా మీదికే వచ్చి పక్కనుంచి దూసుకుపోయింది. పైప్రాణాలు పైకే పోయాయి. నేను పైకి పోబోతుంటే గైడ్ నా కాలికున్న ఫిన్ (ఈత రెక్క) పట్టుకుని కిందికి లాగాడు. అది కరిచి ఉంటే ఎవరిది పూచీ? మావారేమో ఇప్పటికీ నవ్వుతున్నారు.
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ కోపం అర్థమైంది కానీ, గైడ్ చేసింది ముమ్మాటికీ రైటే. 20 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి మూడింతలు. అక్కడ గుండెల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి మూడింతలు ఉబ్బుతుంది. భయపడ్డ మనిషి ఊపిరి బిగబడతాడు, అలాగే పైకి దూసుకెళ్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. గబుక్కున పైకొస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే గొడవ ఇంకొకటి. డైవింగ్ నేర్పే నేనైనా స్టూడెంట్‌ను ముందు పట్టుకుని ఆపుతాను, తిట్లు తర్వాత తింటాను.

మీరు చూసింది వైట్‌టిప్ రీఫ్ షార్క్ అయి ఉంటుంది. అయిదడుగులు దాటడం అరుదు. పగలు రాళ్లకింద పడుకుని రాత్రి వేటకు వెళ్తుంది. ఈదకుండానే నోటితో నీళ్లు లాగి మొప్పల మీదుగా పంపుకుంటూ గంటలకొద్దీ అలా ఉండగలదు. సందుకి ఉన్నది ఒకటే దారి, దానికి అడ్డంగా మీ తల, టార్చిలైటు. అది మాత్రం ఎటు పోతుంది పాపం?

ఈసారి సందులోకి పక్కనుంచి చూడండి, దారి వదిలిపెట్టండి. సొర కనిపిస్తే కాళ్లు ఆడించడం ఆపి, రాయి పక్కన నిలబడి, ఊపిరి నిదానంగా పొడుగ్గా వదలండి. గ్రే రీఫ్ షార్క్ అయితే ఓ తేడా ఉంది: వీపు గూనిలా వంచి, పక్క రెక్కలు కిందికి దించి మెలికలు తిరుగుతూ ఈదుతుంటే బెదిరిస్తోందని అర్థం. దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి రండి. నిద్రపోతున్న నర్స్ షార్క్ తోక పట్టుకుని గోప్రో కెమెరా ముందు ఫోజిచ్చి కరిపించుకున్న వీరులూ ఉన్నారు, వాళ్ల మీద నాకు జాలి లేదు.

మీవారికి చెప్పండి: బడ్డీ (జోడీగా నీళ్లలోకి దిగే తోడు) అన్నవాడు అప్పుడు ఎదురుగా వచ్చి, కళ్లలోకి చూసి ఓకే సైగ చేయాలి. నవ్వులు బోటెక్కాక.

ప్రశ్న: నెలసరి రోజుల్లో డైవ్ చేస్తే రక్తం వాసనకి సొరలు వస్తాయా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అలా వస్తాయనడానికి ఆధారం లేదమ్మా. ఆ రోజుల్లో నేనూ దిగుతూనే ఉంటాను. ప్యాడ్ నీళ్లలో పనికిరాదు, టాంపనో కప్పో వాడు. కడుపునొప్పి, నీరసం ఉంటే మానెయ్. సొరలు నిజంగా పట్టించుకునేది గాయపడ్డ చేప గిలగిల కొట్టుకోవడాన్ని, దాని రక్తాన్ని. అందుకని ఈటెతో చేపలు కొట్టి నడుముకి వేలాడేసుకుని తిరిగేవాళ్లకు మాత్రం దూరంగా ఉండు.