షట్టర్ బావమరిదిది, మరి గిరాకీ?

తెనాలి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అబ్బాయి బీకాం ఫైనల్ ఇయర్. పిల్లల రెడీమేడ్ బట్టల షాపు పెడతానంటున్నాడు. ఊరి చివర మా బావమరిది కొత్త కాంప్లెక్స్ కట్టాడు, 18 వేలకే షట్టర్ ఇస్తానంటున్నాడు. వీడికేమో బోస్ రోడ్డులోనే కావాలట, అక్కడ 45 వేలు చెబుతున్నారు. టీ ఫ్రాంచైజీ తీసుకోమని స్నేహితులు. ఏది మేలు? ముందు ఎంబీఏ చేయించమంటారా? బంధువుల పిల్లలందరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, షాపంటే వీడికి పిల్లనెవరిస్తారు?"

మీ అసలు టెన్షన్ ఆ చివరి వాక్యంలోనే ఉందండీ. వారానికి ఒకరైనా ఇదే మాట అంటారు నా దగ్గర. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు షాపు పెట్టి, ఖర్మ కాలి రెండేళ్లలో మూసేశాడే అనుకోండి. అప్పటికి వాడికి ఇరవై మూడు. డిగ్రీ ఎక్కడికీ పోదు. సరుకు కొనడం, బేరమాడటం, జీఎస్టీ రిటర్న్ వేయడం వచ్చేసి ఉంటాయి. బట్టల చైన్ షోరూముల వాళ్లు ఇలాంటి వాళ్లకు ఉద్యోగం ఇస్తారు. కాబట్టి అబ్బాయి గురించి బెంగ వద్దు, పెట్టే డబ్బు గురించి పెట్టుకోండి. ఎంబీఏ మాట తర్వాత. రిటైల్ కంపెనీలో ఉద్యోగానికి అది పనికొస్తుంది గానీ తెనాలిలో షట్టర్ వెతకడానికి అక్కర్లేదు.

ఇక చోటు. బావమరిదిది కాబట్టి ఆ షట్టర్ అంటున్నారు. అక్కడ పిల్లల గౌనులు ఎవరు కొంటారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కోప్పడుతున్నాననుకోకండి. మందుల షాపో, కిరాణా కొట్టో అయితే ఇంటి పక్కనుంటే చాలు, జనం దగ్గరని వస్తారు. బట్టలు అలా కాదు. కొల్లిపర నుంచో దుగ్గిరాల నుంచో పిల్లాణ్ణి తీసుకుని బస్సు దిగిన తల్లి నాలుగు షాపులు తిరగందే కొనదు. అందుకే బట్టల షాపులన్నీ ఒకేచోట ఉంటాయి. విజయవాడ బీసెంట్ రోడ్డు చూడండి, పక్క షాపుకు వచ్చిన మనిషే మనకూ గిరాకీ. ఊరి చివర ఒక్క షాపు కోసం ఆవిడ ఆటో ఎక్కదు.

అద్దె తేడా నెలకు 27 వేలు. బట్టల మీద మనకు మిగిలేది వందకు ముప్పై అనుకుందాం. ఆ తేడా రాబట్టాలంటే నెలకు 90 వేల అమ్మకం, అంటే రోజుకు 3 వేలు అదనంగా కావాలి. బిల్లు సగటున 750 అయితే నాలుగు బిల్లులు. బోస్ రోడ్డు రోజుకు ఆ నాలుగు బిల్లులు ఎక్కువ తెచ్చిపెడుతుందా లేదా, అంతే తేలాల్సింది. దాని కోసం ఒక మామూలు మంగళవారం, ఒక ఆదివారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ షట్టర్ ఎదురుగా టీ బడ్డీ దగ్గర అబ్బాయిని కూర్చోబెట్టండి. బండ్లు లెక్కపెట్టొద్దు. చేతిలో బట్టల కవర్‌తో నడిచేవాళ్లను లెక్కపెట్టమనండి.

బండ్లు వద్దని ఎందుకంటున్నానంటే, ఒకసారి నేనే బోల్తాపడ్డాను. నా మాట విని ఒక కుర్రాడు రోడ్డు రద్దీగా ఉందని షాపు తీసుకున్నాడు. అది పొద్దున ఆఫీసులకు పరుగెత్తే వైపు. సాయంత్రం ఇళ్లకు వెళ్లేవాళ్లు అవతలి వైపు, మధ్యలో డివైడర్. యూటర్న్ కొట్టి వచ్చి చొక్కా కొనేదెవరు? తొమ్మిది నెలలకు షట్టర్ దించేశాడు. వాళ్ల నాన్నగారు ఎదురుపడితే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

టీ ఫ్రాంచైజీ అంటే నాకు భయమే, దాచుకోను. ఫీజు కట్టాలి, ఇంటీరియర్ వాళ్లు చెప్పినట్టే చేయించాలి, పొడి వాళ్ల దగ్గరే కొనాలి. రాయల్టీ, అంటే వాళ్ల పేరు వాడుకున్నందుకు కట్టే వాటా, చాలాచోట్ల అమ్మకం మీద ఉంటుంది, మీకు లాభం వచ్చినా రాకపోయినా. 'లొకేషన్ మేమే ఓకే చేస్తాం' అంటారు. ఓకే చేసినంత మాత్రాన నష్టంలో వాటా పంచుకోరు కదా. రేపు రెండు వీధుల అవతల ఇంకొకరికి అదే బోర్డు ఇవ్వమని కాగితం మీద రాసిస్తారా, అడగండి. నడుస్తున్న షాపుల నంబర్లు వాళ్లే ఇస్తారు. మూసేసినవాళ్లవి మీరు వెతికి పట్టుకుని మాట్లాడండి. రోడ్డు పక్కన పది రూపాయల టీ దొరికే ఊళ్లో కుర్చీలకూ ఏసీకీ కలిపి ముప్పై ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు?

బోస్ రోడ్డులో 45 వేలు బరువనిపిస్తే దానికి తగిలే సందులో మొదటి రెండు మూడు షట్టర్లు చూడండి. బోర్డు మెయిన్ రోడ్డుకు కనపడాలి, ముందు డ్రైనేజీ మీద పలక గట్టిగా ఉండాలి, రెండు బండ్లు నిలపగలగాలి. అగ్రిమెంటు మాత్రం 11 నెలలకు రాయించుకోకండి. రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చని 11 నెలలకు రాసేస్తారు. మీరు లక్షలు పోసి ర్యాకులు, లైట్లు పెట్టించాక ఓనరు అద్దె పెంచితే నోరెత్తలేరు. ఐదేళ్లకు రాయించి రిజిస్టర్ చేయించండి, ఏటా ఎంత పెంచాలో కూడా అందులో ఉండాలి.

తొందరేం లేదు. పరీక్షలవగానే గుంటూరులోనో విజయవాడలోనో ఏదైనా పిల్లల బట్టల షాపులో అబ్బాయిని పనికి పెట్టండి. దసరా నుంచి క్రిస్మస్, సంక్రాంతి దాకా ఉంటే సీజనంతా చూస్తాడు. జీతం ఎంతని అడగొద్దు.

ఇక బావమరిదికి ఏం చెప్పాలంటారా? అబ్బాయి జాతకానికి ఆ ఫేసింగ్ పడలేదని చెప్పండి. గిరాకీ ఉండదంటే నొచ్చుకుంటారు, వాస్తు అంటే ఏమీ అనుకోరు.