కొడుకు కచేరీకి పిలిచాడు, వెళ్లనా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. రెండో పీయూసీలో (మన ఇంటర్ రెండో ఏడాది) మార్కులు తగ్గాయని, వాడు కాలేజీకి వెళ్లినప్పుడు వీడియో గేములు ఆడే ప్లేస్టేషన్ అమ్మేశాను. అప్పట్నుంచీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు. పోయిన వారం ఉన్నట్టుండి రెండు టికెట్లు చూపించి, "గేముల్లో సంగీతాన్ని ఆర్కెస్ట్రా వాయిస్తుంది, వస్తావా నాన్నా?" అన్నాడు. ఇంటర్న్‌షిప్ డబ్బుతో కొన్నాడట. "నాకేం అర్థమవుతుంది, ఎవరైనా ఫ్రెండ్‌ని తీసుకెళ్లరా" అన్నాను. సరేనని గదిలోకి వెళ్లిపోయాడు. మా ఆవిడ నన్నే తప్పు పడుతోంది. ఏటా రామనవమికి చామరాజపేటలో కచేరీలు వినే నాకు ఆ గేమ్ చప్పుళ్లేం ఎక్కుతాయి? పైగా నేను వెళ్తే ఆటలకు ఒప్పుకున్నట్టే కదా? వాడు మళ్లీ వాటికి బానిసవుతున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: వెళ్లండి. ఇది చదివిన రోజే మీ అబ్బాయికి ఆ మాట చెప్పండి. "ఆ రోజు తొందరపడి అన్నాన్రా, నాకు రావాలనుంది" అంటే చాలు. "సెమిస్టర్‌లో మంచి మార్కులు తెచ్చుకుంటే వస్తా" లాంటి షరతులు వద్దు. రెండో టికెట్ ఈపాటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే ఇంకోటి దొరుకుతుందేమో కనుక్కోమని, డబ్బు మీరే ఇవ్వండి.

మీరు సంగీతం గురించి రాశారు, ఆటల గురించి రాశారు. నాకు మాత్రం ఆ రెండో టికెట్ దగ్గరే మనసు ఆగిపోయింది. సొంత సంపాదనతో కొన్నాడు, స్నేహితులున్నా ముందు మిమ్మల్నే అడిగాడు. మీరు అమ్మేసిన వస్తువులో తనకేం కనిపించేదో మీకు చూపించాలనుకున్నాడని నాకనిపిస్తోంది. ముభావంగా ఉండే పిల్లాడు అలా అడగడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉంటాడో ఆలోచించండి.

ఇక ఆ చప్పుళ్ల సంగతి. 1980ల నాటి చాలా గేమ్ యంత్రాల్లో ఒకేసారి మోగగలిగే స్వరాలు నాలుగైదుకు మించేవి కావు. ఆ కాస్తలోనే మనసులో నిలిచిపోయే వరసలు కట్టాలి. ఆటగాడు ఒకేచోట ఎంతసేపున్నా విసుగు రాకుండా అవి తిరిగి తిరిగి మోగాలి. ఆ పని చేసినవాళ్లు నిజమైన స్వరకర్తలే. డ్రాగన్ క్వెస్ట్ అనే ఆటకు సంగీతం కట్టిన కొయిచి సుగియామా 1987లోనే టోక్యోలో దాన్ని ఆర్కెస్ట్రాతో వినిపించారు. సివిలైజేషన్ ఫోర్ ఆట కోసం క్రిస్టఫర్ టిన్ స్వాహిలీలో చేసిన ప్రార్థనా గీతం 'బాబా యేతు'కు 2011లో గ్రామీ వచ్చింది. బృందగానం ఇష్టమైతే ముందు అది విని చూడండి. ఇంకా మంచిది, ఆ రోజు వాయించబోయే వాటిలో తనకు బాగా ఇష్టమైనవి రెండు మూడు వినిపించమని అబ్బాయినే అడగండి. ఆ కాసేపు ప్రశ్నలు తక్కువ వేసి వినండి.

కచేరీ అలవాటున్న మీకు ఒక తేడా తెలుస్తుంది. మన విద్వాంసులు రాగాన్ని అప్పటికప్పుడు పెంచుకుంటూ పోతారు, మధ్యలో మనం భళా అంటాం. ఆర్కెస్ట్రాలో అందరి ముందూ రాసిన స్వరాలుంటాయి, కండక్టర్ చేయి చూసి వాయిస్తారు, సాధారణంగా ఒక అంశం పూర్తయ్యాకే చప్పట్లు. గేమ్ సంగీతానికి వచ్చే కుర్రకారు మాత్రం తెలిసిన వరస మొదలవగానే కేకలు వేయవచ్చు. విసుక్కోకండి, అది వాళ్ల భళా.

మీ భయాన్ని కొట్టిపారేయను. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల జాబితాలో చేర్చింది. కానీ దానికి గుర్తులు వేరు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం, అదీ సాధారణంగా ఏడాది పాటు. కాలేజీకి వెళ్తూ ఇంటర్న్‌షిప్ చేసి డబ్బు తెచ్చుకున్న అబ్బాయిలో, మీరు రాసినంతలో, నాకవి కనబడలేదు. ముందుముందు నిజంగా అనుమానం వస్తే మీరుండే బెంగళూరులోనే, నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో ఇందుకోసం షట్ అనే క్లినిక్ ఉంది. సంగీతం వినడానికి వెళ్లినంత మాత్రాన రాత్రంతా ఆడుకోమని అనుమతి ఇచ్చినట్టు కాదు.

ప్లేస్టేషన్ మాట రావచ్చు. వస్తే "నీ మంచికే చేశాను" అని మొదలుపెట్టకండి. మార్కుల గురించి మీ ఆందోళన న్యాయమైనదే. కానీ తను ఇంట్లో లేనప్పుడు, చెప్పకుండా అమ్మడం ఆ వయసు పిల్లాణ్ని చాలా నొప్పిస్తుంది. "నీకు చెప్పి ఉండాల్సింది" అని ఒప్పుకోండి. తర్వాత తను ఏమన్నా అననివ్వండి.

బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే నచ్చనిది నచ్చలేదనే చెప్పండి, లేని మెప్పును పిల్లలు ఇట్టే పసిగడతారు. నచ్చినదేదైనా ఉంటే దాని పేరు అడిగి తెలుసుకోండి. ఆటల వేళల గురించి, చదువు గురించి మాట్లాడేది ఉంటే ఇంకో ఆదివారం చూసుకోవచ్చు.