యూకేలో ఇండియన్ రెస్టారెంట్ తిండి మన తిండిలాగే ఉంటుందా?

మీ తమ్ముడు ఎమ్మెస్సీ చదవడానికి బర్మింగ్‌హామ్ వెళ్తున్నాడనీ, వాడికి తిండి బెంగ ఎక్కువనీ, అక్కడి ఇండియన్ రెస్టారెంట్లు పనికొస్తాయా లేక డబ్బు దండగా అనీ అడిగారు. మాది కొల్లాపూర్. 2018–19లో నేను అదే ఊళ్లో చదువుకున్నాను. అక్కడ తిన్నది, చూసింది చెప్తాను.

మన తిండిలా ఉండదు. అయినా వెళ్లమనే చెప్తాను. అమ్మ చేతి వంట వెతుక్కుంటూ మాత్రం వెళ్లొద్దనండి.

నేను మొదట అలాగే వెళ్లాను. దిగిన రెండో వారం, వనపర్తి అబ్బాయి, సూర్యాపేట అబ్బాయి, నేను కలిసి సిటీ సెంటర్‌లో ఒక పెద్ద రెస్టారెంట్‌కు పోయాం. కూర్చోగానే అప్పడాలు, మామిడికాయ చట్నీ, తరిగిన ఉల్లిగడ్డ తెచ్చి పెట్టారు. మన దగ్గర ఉల్లిగడ్డ, నిమ్మకాయ ఊరికే పెడతారు కదా, ఇదీ అంతే అనుకున్నాం. మెనూలో 'మద్రాస్' అని కనిపిస్తే దక్షిణాది కూర అనుకుని అదే చెప్పాం. టమాటాతో ఎర్రగా, కాస్త తియ్యగా వచ్చింది. అన్నానికి వేరే డబ్బులు, నాన్‌కు వేరే, అప్పడాలకు కూడా ఒక్కోదానికి లెక్క. చివర సర్వీస్ చార్జి. ముగ్గురికీ కలిపి 58 పౌండ్లు. అప్పటి లెక్కలో ఐదు వేల రూపాయలకు పైనే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పలేదు. గదికొచ్చి మళ్లీ అన్నం వండుకుని, అమ్మ కట్టిచ్చిన పుంటికూర తొక్కు కలుపుకుని తిన్నాం.

మోసపోయామనే అనుకున్నాను ఆ రోజు. తర్వాత అక్కడి వాళ్లతో మాట్లాడాక విషయం తెలిసింది. యూకేలో 'ఇండియన్' అనే బోర్డు ఉన్న పాత రెస్టారెంట్లలో ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు నడిపినవి. పొద్దున్నే పెద్ద గుండిగలో ఉల్లిగడ్డ గ్రేవీ ఉడికించి పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే అదే గ్రేవీలో కొబ్బరి, క్రీమ్ వేస్తే కోర్మా, కారం పెంచితే మద్రాస్, ఇంకా పెంచితే విందాలూ. ఆ పేర్లు అక్కడ కారం ఎంతో చెప్పే గుర్తులు, ఊళ్ల పేర్లు కావు. మద్రాసుకూ ఆ కూరకూ సంబంధం వెతికితే దొరకదు. ఇంగ్లీషు వాళ్ల నాలుకకు తగ్గట్టు, అక్కడి కష్టజీవులు యాభై అరవై ఏళ్లుగా తయారుచేసుకున్న వంట అది. 2001లో వాళ్ల విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను బ్రిటన్ జాతీయ వంటకమనే అన్నాడు. అది వాళ్ల ఊరి తిండే అనుకుని తింటే బాగుంటుంది. మన కూర ఇలా ఉండదే అనుకుంటూ తింటే ఏ ముద్దా దిగదు.

బర్మింగ్‌హామ్‌కే సొంతమైనది ఒకటుంది, అది మీ తమ్ముడు తప్పకుండా తినాలి. దాని పేరు బాల్టీ. హిందీలో బాల్టీ అంటే బకెట్, కానీ అక్కడ అది పల్చటి స్టీలు మూకుడు. పెద్ద మంట మీద నూనెలో గబగబా వండి, ఆ మూకుడునే తెచ్చి టేబుల్ మీద పెడతారు. 1970ల నడుమ ఆ ఊళ్లో పుట్టిన వంట. స్పార్క్‌బ్రూక్, బాల్సాల్ హీత్ వైపు, లేడీపూల్ రోడ్డు మీద ఈ హోటళ్లు కనిపిస్తాయి. సిటీ సెంటర్ కంటే ధర తక్కువ. చెంచాలు పక్కన పెట్టి, నాన్ తుంచి చేత్తోనే తింటారు. నలుగురు కూర్చుంటే ఒకటే పెద్ద నాన్ తెస్తారు, టేబుల్ నాన్ అంటారు. జొన్నరొట్టె తుంచి యాట కూరలో అద్దుకుని తిన్న చేతికి అది కొత్తేమీ కాదు. ఆ ఇంగ్లీషు చలిలో చేత్తో తినగలగడమే నాకు సగం కడుపు నింపింది.

అక్కడ ఒక చిన్న హోటల్‌కు నెలకు రెండుసార్లు వెళ్లేవాణ్ని. గల్లా దగ్గర అరవై దాటిన పెద్దాయన కూర్చునేవాడు, అందరూ చాచా అనేవాళ్లు. ఒక మంగళవారం, వాన, హోటల్ ఖాళీ. ఏ ఊరు బేటా అన్నాడు. అలవాటుగా హైదరాబాద్ అన్నాను. హైదరాబాదేనా, పక్క ఊరా అని మళ్లీ అడిగాడు. అప్పుడు చెప్పాను, కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ అని, మా నాయిన పుట్టిన ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్లలో పోయిందని. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు నాయినకు పద్నాలుగేళ్లు.

చాచా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. వాళ్లది మీర్‌పూర్, పాకిస్తాన్ చేతిలో ఉన్న కశ్మీర్ వైపు. జీలం నది మీద మంగళా డ్యామ్ కట్టారు, 1967లో పూర్తయింది. లక్ష మందికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నారు, అందులో చాలామంది బ్రిటన్ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చారు. వాళ్ల నాయన అలా వచ్చినవాడే. అక్కడి బాల్టీ హోటళ్లలో ఎన్నో ఆ మనుషులు పెట్టినవే.

ఆ రాత్రి వాళ్లు లోపల తమ కోసం చేసుకున్న మక్క రొట్టె, ఆకుకూర తెచ్చి నా ముందు పెట్టాడు. మెనూలో అది లేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆకుకూర మన పాలకూర పప్పుకు దగ్గరగా ఉంది, మక్క రొట్టె అచ్చం మా అవ్వ చేసినంత మందం. బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఏడాదిలో ఇంటి తిండి అనిపించింది అదొక్కటే.

అందుకే మీ తమ్ముడికి చెప్పండి, శనివారం రద్దీలో కాకుండా మామూలు రోజున, చిన్న హోటల్‌కు వెళ్లమని, వండేవాళ్లది ఏ ఊరని అడగమని. అప్పడాలు ముట్టుకునే ముందు ధర అడగాలి. బిల్లులో పది, పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జి వేస్తే, అది ఇష్టమైతేనే అని రాసి ఉందేమో చూడాలి, ఉంటే తీసేయమనవచ్చు. పల్లీలు పడవా అని వాళ్లు అడుగుతారు, కంగారు పడొద్దు. అలర్జీ తెచ్చే 14 రకాల పదార్థాల గురించి చెప్పడం అక్కడ చట్టం. పల్లీలు పండించే పాలమూరు నుంచి వచ్చిన నాకు ఆ ప్రశ్న చాలా కొత్తగా ఉండేది. ఇక పుంటికూర, పచ్చిపులుసు కావాలంటే గదిలో వండుకోవాల్సిందే, పోయే ముందే వంట నేర్పించండి.

చాచా సంగతి ఆ ఆదివారం ఫోన్‌లో నాయినకు చెప్పాను. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఆయన ఇప్పటికీ పాత ఊరి దగ్గరికి నడిచిపోతాడు. రొట్టె గురించీ ధర గురించీ ఏమీ అడగలేదు. "వాళ్ల ఊరు కూడా ఎండాకాలం బయటపడతదా?" అన్నాడు.

తర్వాతిసారి వెళ్లినప్పుడు చాచాను అడిగాను. నీళ్లు బాగా తగ్గితే పాత మీర్‌పూర్ గుళ్లు, దర్గాలు తేలతాయట. ఆయన పోయి చూసి వచ్చాడట.