అవ్వను మాత్రం తీయకు

తమ్ముడూ,

జడ్చర్ల నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో బైక్ వెనక బ్రేకు పోతుంది. వెనక కూర్చున్న అవ్వ "మల్లన్నా" అని మొక్కుతుంది. అరగంటకు బ్రేకు మళ్లీ పడుతుంది. నమ్మేటట్టు లేదని నీ దోస్తులు అన్నారట, ఆ చివర తీసేస్తానన్నావు. తీయకు. కథలో గట్టిగా నిలబడేది అదొక్కటే.

ఆ ఘాట్‌లోనే నాకూ అట్లనే అయింది. నల్లగొండలో బయలుదేరే ముందు రోజు, పెడల్ బాగా కిందికి పోతోందని ఒక షాపులో బిగించాను. కాలు ఆనగానే పట్టుకుంటుంటే మురిసిపోయాను కూడా. పెడల్‌కు కొంచెం ప్లే, అంటే బ్రేకు పట్టే ముందు కాస్త ఉత్త కదలిక, ఉండాలి. లేకపోతే పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోవడానికి లోపల సూదిమొనంత రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోతుంది. ఇక ప్యాడ్లు చక్రంతో తిరిగే డిస్కును రాస్తూనే ఉంటాయి. ఆ వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, పోయే దారి లేక ప్యాడ్లను ఇంకా నొక్కుతుంది.

మన్ననూరు దాకా బాగానే ఉంది. అడవిలోకి వెళ్లాక బండి బరువెక్కింది. పెట్రోల్‌లో ఏదో కలిపారని బంకువాణ్ణి తిట్టుకున్నాను, పాపం. దిగుడులో పెడల్ రాయిలా అయింది. రెండు మలుపుల తర్వాత ఉత్త పెడలే కాలి కింద మిగిలింది. డాట్ ఫోర్ అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చిందైతే 155 దగ్గరే మరగొచ్చు. నాది మార్చి మూడేళ్లయింది, డికాక్షన్ రంగులో ఉంది. అది మరిగి ఆవిరైంది. నొక్కితే ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ అడుగంటింది.

గేరు తగ్గించి, ముందు బ్రేకుతో పక్కకు ఆపాను. చల్లారాక ఆవిరి మళ్లీ ఆయిలై పెడల్ లేచింది. అప్పుడు నేనూ మొక్కాను.

నీ అవ్వ మొక్కు అట్లనే ఉండనీ. దానికి ముందు కాలిన వాసన, బరువెక్కిన బండి, గట్టిపడ్డ పెడల్ ఉండాలి. ఇవేవీ లేకుండా "హఠాత్తుగా బ్రేక్ ఫెయిల్" అని రాశావు. పైగా నీ మెకానిక్ "బ్రేక్ వైరు తెగింది" అంటాడు. డిస్కు బ్రేకుకు వైరెక్కడిది? ఆ వాక్యం చదివిన ఏ మెకానిక్ అయినా పుస్తకం మూసేస్తాడు.

ఒక పూట ఏదైనా మెకానిక్ షాపు ముందు కూర్చో, బ్రేకు ఆయిల్‌లోంచి గాలి తీయడం చూడు. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటారు. ఇంకొకరు చక్రం దగ్గర ఆయిల్ బయటికి వచ్చే నిపుల్ వదులు చేస్తే ట్యూబులో బుడగలతో ఆయిల్ సీసాలోకి వస్తుంది. నిపుల్ బిగించాకే కాలు తీయాలి, ముందే తీస్తే మళ్లీ గాలి లోపలికి పోతుంది. "నొక్కు... పట్టు... ఇగ వదులు." ఇద్దరికీ ఆ మూడే మాటలు. నీ కథలో తండ్రీకొడుకులకు మాటల్లేవు కదా, ఈ పని వాళ్లతో చేయించు. కొడుకు తొందరపడి కాలు తీసేస్తే తండ్రి ఏమంటాడో నాకూ వినాలనుంది.

తిరగరాసి పంపు. షాపులో డిస్కు వేడి ఎంతుందో అని మాత్రం ముట్టుకోకు. నా చూపుడువేలి మీద మచ్చ ఇంకా ఉంది.

మీ అన్న