పిల్లల పుస్తకాలు ఎక్కడ వెతకాలి: మా అమ్మడికి ఒక ఉత్తరం

చి॥ సౌ॥ అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ బళ్ళో లైబ్రరీ పీరియడ్ నీకు అప్పగించారని, గదిలో గైడ్లూ పాత ప్రశ్నపత్రాలూ తప్ప ఏమీ లేవనీ రాశావు. ఆరో తరగతి పిల్లలకి తెలుగులో చదవడానికి ఏమిద్దామన్నా దొరకడం లేదని బెంగపడుతున్నావు. బెంగపడకు. మన భాషలో పిల్లల కోసం చాలా రాశారు, చాలా అచ్చేశారు. కాకపోతే అవన్నీ ఒకచోట లేవు. కొన్ని బీరువాల్లో తాళం కింద ఉన్నాయి, కొన్ని ఇంటర్నెట్‌లో ఎవరో తోచినట్టు టైపు చేసిన పేర్లతో ఉన్నాయి. ఏ పుస్తకాన్ని ఏ పేరుతో ఎక్కడ పెట్టారో ఊహించడం వస్తే సగం పని అయినట్టే. శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను నేర్చుకున్నది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయానికి వెళ్ళు. ఇంటి పన్నుతో పాటు మనందరి దగ్గరా గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరుతుంది, ఆ డబ్బుతోనే ఈ శాఖలు నడవాలి. అందుకని అడగడానికి మొహమాటపడకు. బల్ల మీద దినపత్రికలూ, ఎదురుగా పోటీ పరీక్షల పుస్తకాలూ చూసి వెనక్కి వచ్చేయకు. పిల్లల పుస్తకాలు పలచగా ఉంటాయి, తొందరగా చిరుగుతాయి, పోతాయి. ఆ భయంతో వాటిని లోపల బీరువాలో పెట్టేస్తారు. అందుకే లైబ్రేరియన్‌ని మర్యాదగా అడిగి యాక్సెషన్ రిజిస్టర్ చూడనివ్వమను. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకం అందులో వరుసగా ఎక్కుతుంది: పేరు, రచయిత, ప్రచురణకర్త, పేజీలు, వెల. ముప్పై నలభై పేజీలు, తక్కువ వెల ఉన్నవాటిని నీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ పో. పిల్లల పుస్తకాలు చాలావరకు ఆ లెక్కలోనే బయటపడతాయి. పేరు చూస్తే పిల్లలదని తెలియనివి కూడా దొరుకుతాయి. తర్వాత ఆ నంబర్లు చెప్పి పుస్తకాలు తీయించుకో. నీ పేరున సభ్యత్వం తీసుకుని విడతకి కొన్ని చొప్పున బడికి తెచ్చుకోవచ్చు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఒకరోజు పిల్లల్నే అక్కడికి తీసుకెళ్ళు. పిల్లలు వస్తున్నారంటే బీరువాల తాళాలు తీస్తారు.

పాత పత్రికలు కావాలంటే శాఖా గ్రంథాలయం చాలదు. హైదరాబాద్ వైపు వెళితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. కోస్తాలో రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం. వేటపాలెం పేరు ప్రత్యేకంగా చెబుతున్నాను, పాత పత్రికలు అంత శ్రద్ధగా దాచిన చోట్లు మనకి తక్కువ. బయల్దేరే ముందు ఫోన్ చేసి నీకు కావలసిన ఏళ్ళ సంపుటాలు ఉన్నాయో లేదో కనుక్కో. ఏళ్ళు తెలియాలి కదా, అందుకని రెండు గుర్తుపెట్టుకో. రేడియో అన్నయ్య, అక్కయ్య అని అందరూ పిలుచుకున్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ పత్రిక 1945లో మద్రాసులో మొదలైంది. ‘చందమామ’ 1947 జూలైలో వచ్చింది. బైండు చేసిన పాత సంపుటాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఆ కాగితం పెళుసెక్కి ఉంటుంది, జిరాక్సు మిషన్ మీద బోర్లా వేసి నొక్కితే వెన్ను విరిగిపోతుంది. అనుమతి అడిగి ఫోన్‌తో ఫోటో తీసుకో.

ఇక ఇంటర్నెట్ సంగతి. నువ్వు తెలుగులో ‘పిల్లల కథలు’ అని కొట్టి, యూట్యూబ్ వీడియోలు చూసి ఊరుకుని ఉంటావు. పుస్తకాలు ఎక్కువగా ఉన్నది ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద మన గ్రంథాలయాల నుంచి స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో అక్కడికి చేరాయి. చిక్కేమిటంటే వాటిలో చాలావాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, టైపు చేసినవాళ్ళకి తోచినట్టు ఉంటాయి. కథలు అన్న మాటలో ‘థ’కి ఒకరు టీ హెచ్ పెడితే ఇంకొకరు డీ హెచ్ పెడతారు. బాల అన్నప్పుడు ఒక ఏ పెట్టేవాళ్ళు కొందరు, రెండు పెట్టేవాళ్ళు కొందరు. అందుకని ఒక్క మాటనే మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడు. ‘గేయాలు’ దొరక్కపోతే ‘గేయములు’ అని వెతుకు, పాత పుస్తకాల పేర్లు అలాగే ఉండేవి. రచయిత పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి కొట్టు. పక్కన రాసిన సంవత్సరాన్ని నమ్మకు. పుస్తకం తెరిచి లోపలి ముఖపత్రం చూడు. పేరు ఒకటి, లోపల పుస్తకం మరొకటి అయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక మంచి పుస్తకం దొరికిందంటే దాన్ని ఎక్కించినవాళ్ళ పేరు మీద నొక్కు. పిల్లల పుస్తకాల మీద ఇష్టంతో స్కాన్ చేసేవాళ్ళు ఒక్కటి పెట్టి ఆగరు. నాకు ఎక్కువ పుస్తకాలు దొరికింది ఈ దారిలోనే.

అమెరికాలో ఆదివారాలు తెలుగు క్లాసులు చెబుతున్న మీ అక్కకి ఈ మాట చెప్పు. ఢిల్లీలో ఉన్న కార్యాలయం ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తెలుగు పుస్తకాలు కొని తెప్పించుకుంటుంది, అక్కడి కొన్ని యూనివర్సిటీల్లోనూ తెలుగు పుస్తకాలున్నాయి. చాలా లైబ్రరీల జాబితాలు ఒకేచోట వెతికే వరల్డ్‌క్యాట్ వెబ్‌సైటులో చూస్తే దగ్గర్లో ఏ లైబ్రరీలో ఉందో చూపిస్తుంది. కానీ ఆ కేటలాగుల్లో మన మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. మనం రాసే చ అక్షరానికి సీ ఒక్కటే, పక్కన హెచ్ ఉండదు. శ, ష రెండింటికీ ఎస్ ఒక్కటే కొట్టాలి. చందమామని సీ హెచ్‌తో వెతికి లేదనుకున్నవాళ్ళు చాలామంది. పుస్తకం దూరంలో ఉంటే అంతర గ్రంథాలయ సేవ కింద తెప్పించమని తన ఊరి లైబ్రరీలో అడగమను.

చిన్నపిల్లలకి, ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదివేవాళ్ళకి పాత స్కాన్లు పనికిరావు. అక్షరం చిన్నది, బొమ్మ మసక. వాళ్ళ కోసం ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు చూడు. కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే, నాలుగోది ధారాళంగా చదివేవాళ్ళకి. దింపుకుని అచ్చు వేసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు, రచయితా చిత్రకారుల పేర్లు ఉంచితే చాలు. మార్చుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చారు. అయితే అక్కడ ఎవరైనా అనువాదం చేయవచ్చు కాబట్టి అన్ని కథల్లో తెలుగు ఒకేలా ఉండదు. తరగతిలో ఇచ్చే ముందు నువ్వు పైకి చదువు. నోరు తిరగని వాక్యం ఉంటే మీ పిల్లలు ఇంట్లో మాట్లాడే యాసలోకి తిప్పి రాయి. ఆ పని చేయడానికి వాళ్ళని బాగా తెలిసిన నీకంటే తగినవాళ్ళు లేరు.

నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళ రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో వయసుని బట్టి విభాగాలున్నాయి: 3 నుంచి 8, 8 నుంచి 11, 11 నుంచి 14, 14 నుంచి 18. మీ ఆరో తరగతి వాళ్ళకి మూడోది తెరువు. చదువులో వెనకబడ్డవాళ్ళకి రెండోది ఇచ్చినా తప్పులేదు, కాకపోతే పక్కవాళ్ళ ముందు ఆ మాట అనకు. కొనడానికి డబ్బులుంటే సికింద్రాబాద్ తార్నాకలో ఉన్న ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళ జాబితా తెప్పించుకో, ధరలు బడికి అందేలా ఉంటాయి. మా తరం ప్రాణంగా చూసుకున్న సోవియట్ పిల్లల పుస్తకాల్లో కొన్నిటిని వాళ్ళు మళ్ళీ అచ్చేశారు. పద్యాలకి తెలుగు వికీసోర్స్ చాలు. శతకాలు అక్షరాల రూపంలో ఉంటాయి కాబట్టి పెద్దవి చేసి గోడకి అంటించవచ్చు. కొత్తగా రాస్తున్నవాళ్ళెవరో తెలియాలంటే సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం జాబితాలో తెలుగు వరుస చూడు. ఆ పేర్లు పట్టుకుని విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో అడుగు.

కాపీరైట్ గురించి ఒక మాట. నెట్‌లో ఉందంటే ఎవరైనా అచ్చేసి పంచవచ్చని కాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. ఉదాహరణకి, పిల్లల కోసం ఎంతో ఇష్టంగా రాసిన చింతా దీక్షితులు గారు 1960లో పోయారు, కాబట్టి ఆయన రచనలు 2021 నుంచి అందరివీ. తర్వాతి తరం రచయితల పుస్తకాలైతే తరగతిలో చదివి వినిపించు. అచ్చు వేసి అమ్మే పని, వార్షికోత్సవానికి సంకలనం చేసే పని మాత్రం అనుమతి లేకుండా పెట్టుకోకు.

ఏ పుస్తకమైనా నువ్వు చదివాకే పిల్లల చేతికివ్వు. ఈ విషయంలో నాది మొండిపట్టు. పాత కథల్లో నల్లగా ఉన్నవాళ్ళనీ, వితంతువులనీ, కొన్ని కులవృత్తుల వాళ్ళనీ వెక్కిరించే మాటలు ఉంటాయి. ఆ వృత్తి చేసే ఇంటి పిల్ల నీ తరగతిలో కూర్చుని ఉంటుంది. అటువంటి కథ పక్కన పెట్టేసెయ్, ఎంత పేరున్నదైనా సరే. దెయ్యాల కథలు, దొంగల కథలు మాత్రం తీసేయకు. భయపడుతూ నవ్వుతూ పిల్లలు వాటిని గబగబా చదువుతారు, చదవడం అలవాటయ్యేది వాటితోనే.

ఫోన్‌లో ఉన్నవి ఫోన్‌లోనే ఉంచకు. మీ పిల్లల్లో సగం మంది ఇళ్ళలో ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్ళిపోతుంది. నెలకి నాలుగైదు కథలు అచ్చు తీయించి, అట్ట వేసి, దారంతో కుట్టి గదిలో పిల్లలకి అందే ఎత్తులో పెట్టు. ఒక రిజిస్టర్ పెట్టి ఎవరు ఏది తీసుకున్నారో వాళ్ళనే రాయనివ్వు. రెండోసారి ఎవరైనా అడిగిన పుస్తకం పక్కన గీత పెట్టు. తర్వాత ఏం వెతకాలో ఆ గీతలు చూసి నిర్ణయించుకో.

నువ్వు వెతికినా దొరకనివి ఉంటే పేరు, బొమ్మ, కథలో గుర్తున్న ముక్క ఏదున్నా రాసి పంపు. వేటపాలెం వాళ్ళకి నేను ఫోన్ చేసి కనుక్కుంటాను. మీ అమ్మని ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ